చుట్ల దారిలో వదినా మరదళ్ళు

వీధంతా ఆవిడను మిషనక్క అని పిలిచేది. ముందుగదిలోనే కుట్టుపని. కాలు మిషను తొక్కుతుంటే నోరు కబుర్లు చెబుతూ ఉండేది. భర్త పోయాక కాలు ఆడింది గానీ నోరు మూతపడింది. తిండి సయించక, కంటికి కునుకు లేక మనిషి సగమైంది.

ఆసుపత్రికి వెళ్తే నర్సమ్మ, "మందులిస్తాం గానీ, వెనక పెరట్లో చుట్ల దారి ఉంది. రోజూ పొద్దున్నే వచ్చి దాంట్లో నెమ్మదిగా నడువమ్మా, మనసు కుదుటపడుతుంది" అంది.

ఇటుకలు పరిచిన దారి అది. మెలికలు తిరుగుతూ నడుమనున్న రాతిబల్ల దాకా వెళుతుంది. దారి తప్పే పనే లేదు. వెళ్ళిన దారినే వెనక్కి రావాలి.

"గానుగెద్దు బతుకైపోయింది" అని గొణుక్కుంటూనే నడిచింది మిషనక్క. కానీ నడుమకు చేరి బల్లమీద కూర్చోగానే, చావింట్లో కూడా పొడిపొడిగా వచ్చిన ఏడుపు కట్టలు తెంచుకుంది. ఆ రాత్రి ఒళ్ళెరగని నిద్ర పట్టింది. ఇక పొద్దున నడక మానలేదు.

ఒకనాడు లోపలికి వెళుతుంటే ఎదురుగా బయటికొస్తూ మొగుడి అక్క! ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు. ఏదో పెళ్ళికి కుట్టిన జాకెట్టు బిగుతైందని, "నీ కత్తెరకు కళ్ళు లేవు" అని ఆవిడా, "మీ ఒంటికి హద్దు లేదు" అని ఈవిడా అనుకున్నారు. అంతే, చావింట్లోనూ చెరో మూలే.

ఆ దారి ఒక మనిషికే సరిపోతుంది. ఇద్దరూ కొయ్యబొమ్మల్లా నిలబడిపోయారు.

"నువ్వెందుకొచ్చావే?" అంది వదిన చివరికి.

"నిద్రపట్టక. మరి మీరో?"

"నాకూ అంతే. వాడే గుర్తొస్తున్నాడే. ఎవరితో చెప్పుకోను?" అంటూ వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మీరు వెళ్ళండి వదినా" అంటూ మిషనక్క చటుక్కున పక్కకు జరిగింది. వదిన కూడా దారివ్వబోయి అటే జరిగింది. ఠపీమని తలలు ఢీకొన్నాయి.

"కొమ్ములొస్తాయే! ఇంకోసారి కొట్టు, ఇంకోసారి!" అని కంగారుగా అరిచింది వదిన.

ఆ వయసులో వాళ్ళిద్దరూ చిన్నపిల్లల్లా మళ్ళీ తల తాటించుకుని, నుదుళ్ళు రుద్దుకుంటూ, కళ్ళనీళ్ళు కారేలా నవ్వారు.

వదిన బయటికి పోకుండా మరదలి వెంట మళ్ళీ నడుమ దాకా వచ్చింది. కుర్రతనంలో తమ్ముడు అరువు కత్తితో సగం మీసం గొరిగేసుకుని, మూతికి రుమాలు కట్టుకు తిరిగిన సంగతి చెప్పింది. నిద్రలో ఆయన పాటలు పాడేవాడని మరదలు చెప్పింది.

నర్సమ్మ కిటికీలోంచి, "అమ్మల్లారా, అది మౌనంగా నడిచే చోటు!" అని కేకేసింది.

"మేం నడవట్లేదుగా తల్లీ, కూర్చున్నాం!" అంది వదిన.

ఇప్పుడు రోజూ ఇద్దరూ కలిసే వస్తారు. నడిచేటప్పుడు పెదవి విప్పరు, బల్ల చేరాకే కబుర్లు. అటునుంచి వదిన నేరుగా మిషనక్క ఇంటికే వెళ్ళి, కుట్టినవాటికి గుండీలు వేస్తూ కూర్చుంటుంది. వీధిలో వాళ్ళు పనేమీ లేకపోయినా ఆ గుమ్మం ముందు ఆగి, కాసేపు నవ్వి పోతున్నారు.