రాక్షసుడి వీపున జిప్పు

మా సైన్సు మాష్టారు పోయారు. ఏలూరు నుంచి ఆయన తమ్ముడుగారు ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను తాడేపల్లిగూడెంలో, పనిచేసే ల్యాబులో, ఎవరిదో రక్తం శాంపిల్ చేత్తో పట్టుకుని ఉన్నాను. పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే వెళ్లిపోయారట. ఆ వెంటనే, "చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నాం. నువ్వు రెండు మాటలు చెప్పాలమ్మా. కాకపోతే ఆ బూచి సినిమాల ఊసు ఎత్తకు. పెద్దవాళ్లొస్తారు, బాగోదు," అన్నారు.

సరేనండి అన్నాను. ఆ మాట నిలబెట్టుకోలేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను, క్షమాపణ అడగడానికి కాదు.

మాష్టారు గణపవరంలో మాకు సైన్సు చెప్పారు. పిల్లల్ని కూడా అండీ అనేవారు. ఆదివారం చర్చి అయ్యి, భోజనాలయ్యాక తన ముందుగదిలో చాపలు పరిచి మాకు సినిమాలు వేసేవారు. ఏ దేశానివో తెలియని పాత సినిమాలు. ఆకాశం నుంచి బంకలాంటిదేదో ఊడిపడి ఊళ్లు మింగేసేది. మామూలు బల్లికి అట్టముక్కతో కొమ్ములు అంటించి, ఇదే భూమిని నాశనం చేయబోయే జంతువు అనేవారు. వేరే గ్రహం వాళ్ల పళ్లెం ఎగురుతూ వచ్చేది, దాన్ని మోస్తున్న దారం కూడా దాంతోపాటే వచ్చేది.

మేం పడీపడీ నవ్వేవాళ్లం. ఆయన నవ్వొద్దనలేదు. మా నవ్వులయ్యాక సినిమా ఆపి, టీవీ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించేవారు. "ఆ బీకర్లో ఉన్నది షర్బత్తండీ. అయినా ఆ శాస్త్రవేత్త దాన్ని ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో చూడండి." ఒకసారి రాక్షసుడు అటు తిరగ్గానే వీపు మీద జిప్పు కనబడింది. "జిప్పు ఉందంటే లోపల మనిషున్నాడండీ. పాపం, ఎంత ఉక్కపోసిందో," అన్నారు. అప్పటినుంచి ఏ సినిమాలో ఏ భూతాన్ని చూసినా నాకు ముందు దాని ఉక్కపోతే గుర్తొస్తుంది.

అవి చెత్త సినిమాలే. ఆ మాట ఎవరో అనక్కర్లేదు, నేనే అంటున్నాను. కానీ చేతిలో పైసా లేక, చేతకాక, అయినా అంతరిక్షాన్నే తీసుకొచ్చి మన ముందు పెడతామని పూనుకున్నవాళ్లంటే నాకు ఇష్టం. అన్నీ అమరినవాళ్లు బాగా తీయడంలో గొప్పేముంది? నా రికార్డు పుస్తకంలో కంటి బొమ్మ వేస్తే అచ్చం వంకాయలా వచ్చింది. వేరే మాష్టారైతే అడ్డంగా కొట్టేసేవారు. ఈయన ఎర్ర పెన్నుతో, "ప్రయత్నం కనబడుతోంది. మళ్లీ వేయండి," అని రాశారు. నేను మళ్లీ వేశాను. ఇవాళ మైక్రోస్కోపు ముందు కూర్చుని బతుకుతున్నానంటే ఆ ఎర్ర అక్షరాల వల్లే.

రిటైరయ్యాక ఆయనే ఒక సినిమా తీశారు. కలిదిండి దగ్గర మా నాన్న చేపల చెరువులో వేరే గ్రహం వాడు పడడం, అదీ కథ. రాక్షసుడు మా చెరువు కాపలా బాబాయి. మేత బస్తాలు మొహం, మెడ తప్ప తలా ఒళ్లూ కప్పేలా కలిపి కుట్టి, చేతులకి సైకిల్ ట్యూబులు వేలాడదీసి, పాత ట్రావెల్ బ్యాగు జిప్పు ఒకటి వెనకాల వేశారు. జిప్పు దాచేద్దామండీ అంటే ఒప్పుకోలేదు. ఆకుపచ్చ రక్తం కావాలంటే నేను గోరింటాకు నూరి బాబాయి మొహానికీ మెడకీ పట్టించాను. పచ్చగా బ్రహ్మాండంగా ఉంది. కడిగాక ఎర్రగా పండింది. ఆయన మొహం చూసి చేపలు పట్టేవాళ్లు పది రోజులు పెళ్లికొడకా అని పిలిచారు.

హీరోయిన్ని నేను. ముఖ్యమైన సీను మబ్బు పట్టిన ఉదయం పెట్టుకున్నాం. రాక్షసుడు చేతులెత్తి నీళ్లలోంచి లేవాలి, నేను కేక పెట్టి పారిపోవాలి. లేచాడు. నేను నోరు తెరిచాను. అప్పుడు చూశాను, అతని వెనక నీళ్ల నిండా చేపల నోళ్లు. మబ్బు రోజున నీళ్లలో గాలి చాలక పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. వెంటనే నీళ్లు చిలకకపోతే మధ్యాహ్నానికి ఏడాది కష్టమంతా తెల్లగా తేలుతుంది. ఆ చెరువు తప్ప మాకు వేరే ఆధారం లేదు.

"బాబాయ్, చేపలు పైకొచ్చేశాయి, మోటారెయ్యి," అని అరిచాను.

రాక్షసుడు ఆ వేషంతోనే, ట్యూబులు ఈడ్చుకుంటూ గట్టు మీద పరిగెత్తాడు. మాష్టారు కెమెరాని స్టాండు మీద వదిలేసి, పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగి నాతోపాటు కర్రతో నీళ్లు కొట్టడం మొదలుపెట్టారు. మోటారు అందుకుని నీళ్లు చిమ్మింది. చేపలు మెల్లగా కిందకి వెళ్లాయి. వదిలేసిన కెమెరా ఇదంతా తీసింది. మళ్లీ తీద్దామండీ అంటే, "ఇంతకంటే బాగా భయపడడం మీకు వస్తుందాండీ?" అన్నారు. సినిమాలో అదే ఉంచేశారు.

ఆ సినిమాని తాడేపల్లిగూడెంలో కల్యాణ మండపంలో జరిగిన పొట్టి సినిమాల పోటీకి పట్టుకెళ్లాం. రాక్షసుడు మోటారు వేసేసరికి హాలంతా గొల్లున నవ్వింది. అతిథిగా వచ్చినాయన మైకు తీసుకుని, సైన్సు చెప్పిన మనిషి ఇలాంటివి తీసి పరువు తీసుకోకూడదన్నాడు. నేను సిగ్గుతో ఏడ్చేశాను. మాష్టారు లేచి నిలబడ్డారు. "ఏవండీ, సినిమా పోతే పోయిందండీ. చేపలు బతికాయి," అని కూర్చున్నారు. తిరిగొస్తూ గుండుగొలనులో బస్సు దిగి, టీ తాగుతూ నాకు రెండో భాగం కథ చెప్పారు.

జ్ఞాపకార్థ కూడికకి ముందు ఆయన ఇంటికి వెళ్లాను. గేటు పక్కన పాత పేపర్లవాడి కోసం పెట్టిన సామాన్లలో ఆ మేత బస్తాల వేషం ఉంది. దాన్ని మడిచి చంకలో పెట్టుకునే చర్చికి వెళ్లాను. అందరూ బాగా మాట్లాడారు. క్రమశిక్షణ అన్నారు, సమయపాలన అన్నారు, దైవభక్తి అన్నారు. అన్నీ నిజమే. కానీ ఆ మాటల్లో ఉన్న మాష్టారు నాకు తెలియదు. నా వంతు వచ్చినప్పుడు వేషాన్ని విప్పి, జిప్పు అందరికీ కనబడేలా పట్టుకుని చేపల సంగతి మొత్తం చెప్పాను. చివరి బెంచీలోంచి కాపలా బాబాయి లేచి, "ఆ రాక్షసుణ్ణి నేనేనండి," అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటూనే జనం నవ్వారు. మాష్టారు పోయాక అదే మొదటి నవ్వు.

బయట తమ్ముడుగారు, "చెప్పొద్దన్నాను కదమ్మా," అన్నారు.

"అన్నారండి," అన్నాను.

ఆ వేషాన్ని బాబాయీ నేనూ కలిదిండి తీసుకెళ్లి, రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనబడేలా మా చెరువు గట్టున వెదురు బొంగుకి తొడిగి నిలబెట్టాం. చేపల్ని తినే పక్షులు బెదురుతాయని చెప్పి నాన్నని ఒప్పించాను. వారం తర్వాత వెళ్లి చూస్తే సైకిల్ ట్యూబు చేతులు గాలికి ఊగుతున్నాయి. వీపున జిప్పు సగం తెరుచుకుని ఉంది. నెత్తి మీద, చేపల్ని మింగే నీటికాకి ఒకటి కూర్చుని, రెక్కలు చాపి తీరిగ్గా ఆరబెట్టుకుంటోంది.