చిల్లరను ఎవరు సాదుతరు?

నేను పనిచేసే జిరాక్స్ షాపు వెనక ఒక చికెన్ సెంటర్ ఉంది. మధ్యాహ్నం పూట అక్కడివాళ్ళు వీధికుక్కల కోసం ఉప్పూ కారం లేకుండా కార్జం ఉడకబెడతారు. గాలి ఇటు తిరిగితే ఆ చప్పటి వాసన మిషను వేడిలో కలిసి నా దాకా వస్తుంది. అప్పుడు ఎదురుగా కాగితాలు పట్టుకుని నిలబడ్డ మనిషి ముఖాన్ని ఎందుకో ఒకసారి పరీక్షగా చూస్తాను. అలా చూడటం నాకు గంగామణక్క నుంచి అంటింది. ఆమె ఇంట్లో రోజూ అదే వాసన ఉండేది.

గంగామణక్క నిజామాబాద్ నుంచి బోధన్ పోయే బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరయింది. కంఠేశ్వర్‌లో మేము అద్దెకు దిగిన ఇంట్లో పక్క వాటా ఆమెది. ఒంటరి మనిషి. బస్సు కుదుపులకు అలవాటుపడి పొయ్యి ముందు కూడా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేది. కిక్కిరిసిన బస్సులో టికెట్ తీసుకోనివాణ్ణి వెనక నుంచి మెడ చూసి చెప్పగలనని అనేది. నిజమో కాదో నాకు తెలియదు కానీ, నేను పలకరించడానికి వెళ్ళిన మొదటి రోజు నా మెడ వంకే చూసింది.

ఆ కొత్తలో అనుమానమంతా నాది. ఆమె అప్పుడప్పుడు మూత ఉన్న బుట్టతో ఆటో ఎక్కేది. బుట్టలోంచి పిల్లి అరుపు వినపడేది. ఒక్కోసారి బుట్ట ఖాళీగా తిరిగొచ్చేది. ఉన్న రెండు గదుల్లో ఒకదానికి ఎప్పుడూ గొళ్ళెం. ఆ గదిలోంచి రాగానే చేతులు మోచేతుల దాకా కడిగేది. నల్లపిల్లులను మంత్రాలకు ఇస్తుందని గల్లీలో కొందరన్నారు. మందుల కంపెనీకి అమ్ముతుందని ఇంకొందరన్నారు. నేను పుస్తకాలు చదివేదాన్ని కాబట్టి మంత్రాల మాట కొట్టిపారేసి, మందుల కంపెనీ మాట నమ్మాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

“అక్కా, ఆ అర్రల ఏమున్నది?”

“ఎవరు అడుగుమన్నరు?”

“ఎవ్వరు అడుగుమనలే. నేనే అడుగుతున్న.”

“ఎవ్వరు అడుగుమనకపోతె నీకెందుకు గని?”

అంటూనే, ఏమనుకుందో, గొళ్ళెం తీసింది. లోపల మూడు జాలీ పెట్టెలు, ఒక్కోదాంట్లో ఒక్కో పిల్లి, దేని గిన్నె దానికే. “నెత్తురు క్యాన్సరట,” అంది. “ఒకదాని ఎంగిలి ఇంకోదానికి తాకితె అంటుకుంటదట. మనుషులకు అంటదని డాక్టరన్నడు. అన్నడు గని, నేనైతె చేతులు కడుగుత.” ఆటోలో వెళ్ళే బుట్టలు పశువుల దవాఖానకో, పిల్లిని అడిగిన వాళ్ళింటికో పోయేవని అప్పుడు తెలిసింది.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. తరువాతి చదువంతా గ్రంథాలయంలోనే, ఆదివారాలు, ఫ్యాను కింది బెంచీ మీద. అక్కడ పశువుల జబ్బుల పుస్తకాలన్నీ దింపించుకుని చూస్తే దొరికింది. ఆ జబ్బు పేరు ఫెలైన్ ల్యుకేమియా. వైరస్ వల్ల వస్తుంది. పిల్లులు ఒకదాన్నొకటి నాకడం వల్ల, కరుచుకోవడం వల్ల, ఒకే గిన్నెలో తినడం వల్ల పాకుతుంది. మనుషులకు రాదు, కుక్కలకు రాదు. నయం చేసే మందు లేదు. బయట తిరగనివ్వకుండా, మంచి తిండి పెట్టి చూసుకుంటే కొన్ని పిల్లులు ఏళ్ళ తరబడి కూడా బతుకుతాయి. మొదటి పరీక్షలో ఉందని తేలిన జబ్బు కొన్నిటిలో తరువాతి పరీక్షకు కనపడకుండా పోతుంది కాబట్టి కొన్ని వారాలాగి మళ్ళీ చూడాలి. ఇదంతా పరీక్షలో ఫస్టొచ్చినంత గర్వంగా ఆమెకు అప్పజెప్పాను.

“ఆ బుక్కు రాసినాయన ఎన్నడన్న పిల్లిని సాదిండా?”

“అది రాయలేదక్కా.”

“మరెట్ల నమ్మాలె?”

అయినా మూడింటినీ మళ్ళీ పరీక్షకు తీసుకుపోయింది. పుస్తకం మీద ఎంత అనుమానమో ఆమెకు మొదటి పరీక్ష మీదా అంతే అనుమానం. రెండింటికి జబ్బు లేదని తేలింది. మూడోదానికి ఉంది. అది బస్టాండులో దొరికిన తెల్లమచ్చల ఎర్రపిల్లి, మగది. ఎత్తుకుంటే చేతిలో నిలిచేది కాదు, అందుకని దానికి చిల్లర అని పేరు పెట్టింది.

అంతలోనే ఇంటి ఓనరు ఇల్లు పడగొట్టి కట్టుకుంటానని మమ్మల్నందరినీ ఖాళీ చేయమన్నాడు. గంగామణక్కకు దొరికింది ఒక్క గది. జబ్బు లేని రెండింటితో చిల్లరను అందులో ఉంచడానికి లేదు. దానికి వేరే పిల్లి లేని ఇల్లు కావాలి, తలుపు దాటనివ్వని మనిషి కావాలి. ఎవరూ దొరక్కపోతే సూది వేసి నిద్రపుచ్చడం మంచిదని డాక్టరన్నాడు. ఆ మాట విన్నాక ఆమె ఆ దవాఖాన గడప తొక్కలేదు.

చిల్లరను అడగడానికి వచ్చిన వాళ్ళను వచ్చినట్టే పంపేసింది. నవీపేట్ నుంచి ఒకాయన వడ్ల గోదాంలో ఎలుకలు ఎక్కువయ్యాయని వచ్చాడు. “గోదాంల ఇడిసిపెడ్తవా? తిరిగి తిరిగి ఊరందరి పిల్లులకు రోగం పంచాలెనా?” అని గుమ్మంలోనే ఆపేసింది. ఒక పిల్లవాడు లోపలికి రాకముందే ఫోన్ పైకెత్తి వీడియో మొదలుపెట్టాడు. “ముందుగాల ఫోన్ దించు. దాని మొకం కంటె నీ మొకమే ఎక్కువ తీస్కుంటున్నవ్,” అంది. ఇంకొకామె చెప్పిన ప్రతిదానికీ తల ఊపింది. నాకు ఆమె నచ్చింది. గంగామణక్కకు నచ్చలేదు. “అన్నిటికి ఊ అనేటోళ్ళే వచ్చే స్టాపుల దిగిపోతరు పొల్లా.”

ఆఖరికి బోధన్ దగ్గరి క్యాంపు నుంచి రత్తమ్మగారు వచ్చారు. కాలువ నీళ్ళ కింద సేద్యానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్ళను అటు క్యాంపులంటారు. ఆమె పెంచుకున్న పిల్లి ముసలిదై చనిపోయిందట. ఇంట్లో ఇంకో పిల్లి లేదు. బుట్ట కూడా తనే తెచ్చుకున్నారు. చిల్లర ఆమె చీర అంచు వాసన చూసి అక్కడే కూర్చుంది. గంగామణక్క అన్నీ అడిగి, అందరినీ చివర్లో అడిగే మాట అడిగింది.

“మరి దీన్ని మంచిగ సాదుతవా?”

రత్తమ్మగారి ముఖం మాడిపోయింది. “సాధించడమేంటండీ, నోరులేని జీవాన్ని! ఇంట్లో కోడలుంది, దాన్నే ఏనాడూ సాధించలేదు నేను.”

“అంటె, సాదవా?”

“చచ్చినా సాధించను.”

గంగామణక్క చిల్లరను తీసి పెట్టెలో పెట్టేసింది. “ఇన్నవా పొల్లా? సాదదట! మొకం మీదనే చెప్తున్నది. గట్లాంటప్పుడు ఎందుకొచ్చినట్టు?”

“బాగుందమ్మా మర్యాద,” అని రత్తమ్మగారు ఖాళీ బుట్టతో వెళ్ళిపోయారు. నిఘంటువును కథల పుస్తకంలా చదివే నాకు ఆ ముడి విడేసరికి ఆమె ఆటో గల్లీ దాటింది.

“అక్కా, మన దిక్కు సాదుడంటె పెంచుడు. వాళ్ళ దిక్కు సాధించుడంటె సతాయించుడు. పిల్లిని సతాయిస్తవా అని అడిగినవనుకున్నది ఆమె.”

“నీకు సుట్టమా ఆమె?”

“కాదక్కా.”

“మరెందుకు ఎనకేసుకొస్తున్నవ్?”

సామాను సగం మూటలు కట్టాక ఒక పొద్దున గంగామణక్క నా తలుపు కొట్టింది. “నడు, బోధన్ పోదాం. ఫోన్ చెయ్యకు. చెప్పి పోతె ఇల్లు సర్ది పెడ్తరు.” చంకలో బుట్ట, అందులో చిల్లర. ఇచ్చేద్దామని తెచ్చిందా అంటే కాదు. ఓనరు దగ్గర ఇంకో తాళంచెవి ఉందట, తలుపు తీసి దీన్ని బయటికి వదిలేస్తాడని అనుమానం. బస్సులో టికెట్ కొని కూర్చుని దారి పొడవునా కండక్టరు పిల్లను గమనిస్తూనే ఉంది.

రత్తమ్మగారి ఇంటి కిటికీలన్నిటికీ కొత్త జాలీ కొట్టి ఉంది. వరండాకు కూడా. గంగామణక్క ఒక్కో జాలీ వేలితో గుంజి చూసింది. మంచం కింద వంగి చూసింది. వెనక వాకిట్లో రెండు గిన్నెలు కనపడగానే ఇంకో పిల్లి ఉందనుకుని ఆగిపోయింది. గోడ పక్కన పడుకున్న ముసలి కుక్క లేచి వచ్చి ఆ గిన్నెల్లో ఒకదాన్ని నాకాక గానీ ఆమె ముఖం తేలికపడలేదు. ఇంతసేపూ రత్తమ్మగారు వెనకే నడిచారు.

“పిల్లి ఇయ్యనన్న గద. జాలీ ఎందుకు కొట్టిచ్చినవ్?”

“మీరొస్తారనుకున్నానండీ. అంత అనుమానమున్న మనిషి ఇల్లు చూడకుండా ఊరుకోదు గదా.”

గంగామణక్క పక్క జాలీని ఇంకోసారి గుంజి చూసింది. ఆ సందులో నేను రెండు మాటల తేడా చెప్పేశాను. రత్తమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. గంగామణక్క నవ్వలేదు.

“అట్లయితె ఇప్పుడు చెప్పు. సాదుతవా?”

“సాదుతానండీ,” అన్నారు ఆమె, ఆ మాటను కొత్తగా రుచి చూస్తున్నట్టు.

చిల్లర ఆ ఇంట్లోనే ఉండిపోయింది. గంగామణక్క చెప్పకుండా పోతూనే ఉండేది, రత్తమ్మగారు తలుపు తీస్తూనే ఉండేవారు. తరువాతి వానాకాలం దాటి, చలికాలం దాటి, ఎండలు ముదిరే వేళకు చిల్లర తిండి మానేసింది. అది పోయిన రోజు గంగామణక్క అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది. “గోడ దిక్కు తిరిగి పన్నది పొల్లా. పొద్దటి సంది కదుల్తలేదు. నాకు నమ్మకం గలుగుతలేదు. లేస్తదేమోనని సూస్తున్న.” పక్క నుంచి రత్తమ్మగారి ఏడుపు వినపడుతూ ఉంది.

గంగామణక్క పోయి ఏడాది దాటింది. ఆమె నన్ను ఎప్పటికైనా పూర్తిగా నమ్మిందో లేదో చెప్పలేను. ఆమె పెంచిన ఆ రెండు పిల్లులూ నా దగ్గరే ఉన్నాయి. అలాంటి జబ్బున్న పిల్లి ఎక్కడైనా ఉందంటే ఇప్పుడు నాకే కబురు వస్తుంది; ఇల్లు దొరికే దాకా దానికి వేరే గది, తలుపుకు గొళ్ళెం. పిల్లిని అడిగిన వాళ్ళను సాదుతారా అని నేను అడగను. చెప్పకుండా వస్తే తలుపు తీస్తారా అని అడుగుతాను.

మొన్న బాల్కొండ నుంచి ఒకామె వచ్చింది. పిల్లిని ముద్దు చేయలేదు, దగ్గరికి కూడా తీసుకోలేదు. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. “గింత మంచిగున్న దాన్ని ఊకెనే ఎందుకిస్తున్నవ్? ఏమో దాస్తున్నవ్,” అంది. ఉన్నదంతా చెప్పాను. డాక్టరు చెప్పింది, పుస్తకం చెప్పింది, ఎక్కువ కాలం బతక్కపోవచ్చని కూడా. “నువ్వు చెప్తె ఐతదా? నేను ఇంకో డాక్టరుకు సూపిస్త,” అంది.

నేను పిల్లిని బుట్టలో పెట్టి ఆమె చేతికిచ్చాను.