తుఫాను పిన్ని చిటికెనవేలు

ఆ ప్రెస్సులో సీలింగు ఫ్యాను ఉత్త అలంకారానికే ఉండేది. కిటికీ పక్క బల్ల దగ్గర తుఫాను పిన్ని టైపు కొడుతుంటే కీబోర్డు మీంచి లేచే గాలికే కాగితాలు ఎగిరిపోయేవనీ, వాటి మీద ఇనపదిమ్మలు పెట్టుకోవలసి వచ్చేదనీ అందరూ చెప్పుకునేవారు. అందరికంటే ముందు చెప్పింది పిన్నే అనుకోండి. మిగతావాళ్ళు తర్వాత ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే ఆవిడ మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడుతుంది మరి.

పిన్ని చదువు పదో తరగతి లెక్కల దగ్గర ఆగిపోయింది. వర్గమూలం గుర్తు కంటపడితే చాలు, అప్పట్లో ఆమె పుస్తకం మూసేసేది. "నేను బడి మానలేదు, నాకు సరిపోయే బడి వాళ్ళ దగ్గర లేక నన్ను పంపేశారు" అని ఇప్పటికీ దబాయిస్తుంది. పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన కొత్తలో, ప్రెస్సు యజమాని అయిన బావగారు ఏదో ఒక పని నేర్చుకోమని ఆమెని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. అంతే, మళ్ళీ లేవలేదు. పిన్ని భర్త వెనకగదిలో కాగితాలు కోసే మిషను చూసుకునేవాడు. ఆయన్ని కటింగు మాస్టరు అంటారు. కాగితాన్ని ఎంత పొదుపుగా కోస్తాడో మాటల్నీ అంత పొదుపుగా వాడతాడు. ఇద్దరి వాటా మాటలూ పిన్నే మాట్లాడేసేది.

ఆ ప్రెస్సుకో పద్ధతి ఉంది. పుస్తకం అచ్చుకి వెళ్ళేముందు పని ఇచ్చిన పార్టీ స్వయంగా వచ్చి పిన్ని పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. "ఈ ఫోటో పైకి జరపండి, ఆ పేరు కిందకి దించండి, వద్దులెండి మళ్ళీ పైకే" అంటూ చెబుతుంది. పార్టీ నోట్లో మాట పూర్తయ్యేలోపు తెర మీద పని పూర్తవ్వాలి. అందులో పిన్నిని కొట్టేవాళ్ళు లేరు. తమ్ముడి ఫోటో తీసేయమందామని నోరు తెరిచిన ఓ పెద్దమనిషి, ఫోటో అప్పటికే మాయమైపోవడం చూసి, మనసు మార్చుకుని తమ్ముడితో రాజీపడ్డాడట. ఇదీ పిన్ని చెప్పిందే.

ఆవిడ వాడే కంప్యూటరు నల్లపెట్టె. విండోస్ అన్నమాట. ఏళ్ళ తరబడి కాగితపు ధూళి మేసి మేసి ఒళ్ళు బరువెక్కింది. పొద్దున్న మీట నొక్కితే, పిన్ని జడ అల్లుకుని, బల్ల తుడుచుకుని, ఎదురింటావిడతో కష్టసుఖాలు మాట్లాడుకుని వచ్చేసరికి నిద్ర లేచేది. ఇక లాభం లేదు, కొత్తవి కొనాలన్నారు బావగారు.

సరిగ్గా అప్పుడే ఆయన కొడుకు డిజైను చదువు పూర్తిచేసుకుని వచ్చి ప్రెస్సులో దిగాడు. పిన్ని చేతుల్లో పెరిగినవాడే. వచ్చిన రోజే పిన్ని అతనికి డిజైనుబాబు అని పేరు పెట్టేసింది.

"కొంటే మ్యాకే కొనాలి నాన్నా" అన్నాడు డిజైనుబాబు. "తెర మీద ఏ ఎరుపు కనిపిస్తే కాగితం మీదా ఆ ఎరుపే వస్తుంది."

"మన కాగితం మీద ఎరుపు ఎలా రావాలో తేల్చేది ఏ పెట్టే కాదు నాయనా, మన అచ్చు మిషనువాడు పొద్దున్నే ఇంట్లో తిన్న తిట్లు" అంది పిన్ని.

"పిన్నీ, నీకు తెలీదు. పేజీలు కట్టే ప్రోగ్రాం అదే, ఫాంట్లవే. అక్కడ పనిచేసిందంతా ఇక్కడా చేస్తుంది."

"ఏ తేడా లేకపోతే కొనడం దేనికి? తెల్లగా ఉందనా? పెళ్ళిచూపులా ఇవి?"

బావగారు నవ్వాపుకున్నారు. "రెండు రకాలూ పెట్టుకుంటే ఒకరి పని ఇంకొకరు అందుకోలేరర్రా. ఏదో ఒకటే ఉండాలి. దుకాణంవాళ్ళు తెల్లది చూసుకోమని ఇస్తామన్నారు. సోమవారం మధ్యాహ్నం ఈతక్లబ్బు కార్యదర్శి సావనీరు దిద్దుబాట్లకి వస్తున్నాడు. సగం వీడు తెల్లదాని మీద చేస్తాడు, సగం నువ్వు నల్లదాని మీద చెయ్యి. ఏది సాఫీగా నడిస్తే అదే కొందాం." ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. ప్రేమకొద్దీ ఇంకో మాట కలిపారు: "ఒకవేళ తెల్లదే వస్తే, ఈ వయసులో నువ్వు కష్టపడక్కర్లేదమ్మా. వెనక మడతబల్ల దగ్గర కూర్చుని అచ్చయిన ఫారాలు మడుద్దువుగాని. హాయిగా ఉంటుంది."

మడతబల్ల! దానికి కిటికీ లేదు, స్టూలు లేదు, పార్టీ లేదు. తుఫానుని తీసుకెళ్ళి బీరువాలో పెడతానన్నట్టుంది. పిన్ని చెవులు ఎర్రబడ్డాయి. అలా ఎర్రబడినప్పుడు ఆవిడ నోరు ఆవిడ మాట వినదు.

"వినండి అందరూ! ఆ తెల్లపెట్టె మీద నా వేలు పడిందా, నా పేరు మార్చుకుంటా! మీరే పేరు పెడితే ఆ పేరుకి పలుకుతా!"

మిషనువాడు మిషను ఆపి మరీ విన్నాడు. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి దారి లేదు.

తెల్లపెట్టె వచ్చి కిటికీ బల్ల మీదే, నల్లదాని పక్కన కూర్చుంది. రెండురోజులు పిన్ని దానివైపు వీపు పెట్టే కూర్చుంది. మూడోరోజు భోజనాలవేళ తండ్రీకొడుకులు ఇంటికెళ్ళారు. మిషనువాడు ఓ కునుకు తీస్తున్నాడు. పిన్ని కేరేజీ మూతపెట్టి, దాని మీద దుమ్ముందని గుడ్డ తీసుకుంది. దుమ్ము లేదు. అయినా తుడిచింది. తుడవడం వేరు, ముట్టుకోవడం వేరు అని తనకి తనే చెప్పుకుంది.

తెర వెలిగింది. ఎదురుగా ఈతక్లబ్బు సావనీరు పేజీ.

పిన్ని గుడ్డ కింద పెట్టేసింది. ఇన్నేళ్ళూ తను కొట్టిన అక్షరాలు ఇవేనా? ఒక్కో అక్షరం తలంటుకుని, బట్టలు మార్చుకుని వచ్చినట్టుంది. వంపు వంపుగా ఉంది, గుడి గుడిగా ఉంది, దీర్ఘం చివర అచ్చులో మాత్రమే కనిపించే ఆ సన్నని మొన కూడా కనిపిస్తోంది. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. మనసు పారేసుకుంది. అదీ అసలు చిక్కు. నోరు నల్లదాని పక్షాన ఒట్టేసింది, కళ్ళు తెల్లదాని పక్షాన చేరిపోయాయి.

గుమ్మంవైపు ఓసారి చూసి కుర్చీ జరుపుకుంది. ఓ పేరా ఎంచుకుని, కాపీ చేద్దామని ఎడమచేతి చిటికెనవేలు మూలనున్న మీట మీద వేసింది. పేరా కదల్లేదు. మళ్ళీ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. నల్లదానిలో ఆ మూల మీటే సర్వాధికారి. కాపీ చేయాలన్నా, అతికించాలన్నా, దాచుకోవాలన్నా చిటికెనవేలు దాని మీద వాలితేనే పని. తెల్లదానిలో ఆ అధికారం మధ్యలో పొడుగుమీట పక్కనున్న ఇంకో మీటకిచ్చారు. దాన్ని బొటనవేలితో నొక్కాలి. పిన్ని బుర్రకి అర్థమైంది. చిటికెనవేలికి కాలేదు. ఇన్నేళ్ళు రాజ్యమేలిన వేలు, అడిగితే దిగుతుందా? బుర్ర ఆజ్ఞ వేసేలోపే అది వెళ్ళి మూలన వాలిపోతుంది. పేజీ కట్టడానికి పిన్నికి అంతసేపు ఎన్నడూ పట్టలేదు. తుఫాను కాస్తా చినుకులు పడే స్థితికొచ్చింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సోమవారం మధ్యాహ్నం, కార్యదర్శి రావడానికి ఇంకా వ్యవధి ఉండగా, పిన్ని తెల్లపెట్టె ముందు కూర్చుని చిటికెనవేలిని కుడిచేత్తో పట్టుకుని తిడుతోంది.

"నీకేం పోయేకాలమే? బొటనవేలు నీకు శత్రువా? సొంత అక్కే కదే!"

వెనక దగ్గు వినిపించింది. కటింగు మాస్టరు. ఎప్పటినుంచి నిలబడ్డాడో!

"ఏవండీ, ఒట్టు! దుమ్ము తుడుస్తున్నా" అంది పిన్ని.

"ఊఁ. నాలుగురోజుల్నుంచీ తుడుస్తున్నావు" అన్నాడాయన. "బాగుందా?"

పిన్నికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "బాగోకపోతే ఏ గొడవా లేదండీ. పూలరథంలా ఉంది. కానీ నా చెయ్యి దీని మాట వినదు, ఇది నా చెయ్యి మాట వినదు. బాగుందని ఒప్పుకున్నాననుకోండి, నాకు మడతబల్లే గతి."

కటింగు మాస్టరు కీబోర్డువైపు చూశాడు. తర్వాత, ఆయన లెక్కలో ఉపన్యాసమనదగినంత మాట్లాడాడు.

"నా కోత మిషను మార్చారు కదా. దాని ఇనప పిడి నా అరచేతికి పడలా. పాతదాని కర్రపిడి ఊడదీసి దీనికి బిగించుకున్నా. మిషను కొత్తదే. పిడి నాది."

అని వెళ్ళిపోయాడు.

పిన్ని కుర్చీని నల్లదానివైపు జరుపుకుంది. మరుక్షణం నల్లపెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి, అక్షరాలరిగిపోయిన తన నల్ల కీబోర్డు తీగ లాగేసింది. తెల్ల కీబోర్డుని తీసి బీరువా మీద పెట్టి, నల్లదాన్ని తెల్లపెట్టెకి తగిలించింది. చిటికెనవేలు మూల మీట మీద వేసింది. ఊహూఁ, ఇంకా మొండికేస్తోంది. అయితే ఏం? ఆవిడ సెట్టింగుల్లోకి దూరింది. తలుపు తీసిన ప్రతి గదిలోనూ ఇంకో తలుపు. చివరికి ఓ మూల, ఏ మీట ఏ పని చేయాలో మార్చుకోవచ్చని కనిపించింది. ఆ మీట అధికారం ఊడబెరికి ఈ మీటకిచ్చింది. ఈ మీటది ఆ మీటకి.

ఓ పేరా ఎంచుకుంది. చిటికెనవేలు వాల్చింది.

వచ్చింది!

ఇక చూడాలి! పేరాలు లేచి దూకాయి, ఫోటోలు వరసకట్టాయి. బీరువా మీద కాగితాలు నిజంగానే రెపరెపలాడాయని మిషనువాడు తర్వాత సాక్ష్యం చెప్పాడు. కిటికీ తెరిచి ఉందన్న సంగతి అతను చెప్పలేదు.

ఆ సంబరంలో గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు ఆవిడకి వినిపించలేదు. "ముందే వచ్చేశానండోయ్!" అని ఈతక్లబ్బు కార్యదర్శి గొంతు ఖంగుమంది. ఆయన జుట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. వెనకే బావగారు, డిజైనుబాబు. పిన్ని కుర్చీతో సహా ఎగిరి నల్లపెట్టె ముందు వాలింది. ఏమీ ఎరగనట్టు తెరవైపు చూస్తూ, లేని కీబోర్డు మీద చేతులు పెట్టుకుంది.

"ముందు తెల్లదాని మీద కానిద్దాం" అన్నారు బావగారు. డిజైనుబాబు కూర్చున్నాడు. "నా కీబోర్డేది?" అని అటూ ఇటూ చూశాడు.

"నాకు అవతల కొలను దగ్గర పనుందయ్యా, త్వరగా" అన్నాడు కార్యదర్శి. "మా అధ్యక్షుడి పేరు కాపీ చేసి ఈ ఫోటో కింద కూడా పెట్టు."

"ఏ కీబోర్డైతేనేంలెండి" అని డిజైనుబాబు దర్జాగా పేరు ఎంచుకుని బొటనవేలితో మీట నొక్కాడు. ఎంచుకున్న పేరు ఠక్కున మాయమై, దాని స్థానంలో తోకున్న ఏదో పరదేశపు అక్షరం వెలిసింది. అతను ఫోటో కింద అతికించబోయాడు. అక్కడ వర్గమూలం గుర్తు వచ్చింది. మళ్ళీ నొక్కాడు. ఇంకో వర్గమూలం.

"మా అధ్యక్షుడేడయ్యా?" అన్నాడు కార్యదర్శి. "ముంచేశావా?"

డిజైనుబాబు నుదుటి మీద చెమటలు. పక్క మీట నొక్కాడు, ఏమీ కాలేదు. మళ్ళీ మొదటిది నొక్కాడు. ఫోటో కింద వర్గమూలాలు బారులు తీరాయి. బావగారి మొహం మెల్లగా మాడుతోంది. "సాఫీగా లేదేరా ఇది" అన్నారు.

పిన్ని అంతా చూస్తోంది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. తెల్లపెట్టె సాయంత్రానికి దుకాణానికి వెళ్ళిపోతుంది. కిటికీ తనది, స్టూలు తనది, పేరూ తనదే. కానీ ఆ అక్షరాలు? తలంటుకున్న ఆ అక్షరాలూ వెళ్ళిపోతాయి. పైగా, తన చేతుల్లో పెరిగినవాడు, తనని బడినుంచి తరిమిన గుర్తు చేతిలోనే చిక్కి విలవిల్లాడుతున్నాడు. ఆ గుర్తుతో ఆవిడకి పాత పగ ఉంది.

"లే నాన్నా" అంది పిన్ని.

"పిన్నీ?"

"లేవరా బాబూ, అధ్యక్షుణ్ణి ఒడ్డుకి లాగాలి!"

కూర్చుంది. ముందు వర్గమూలాలన్నిటినీ ఒక్క వేటుకి చెరిపేసింది. ఆ పని మాత్రం అవసరానికి మించిన ఇష్టంతో చేసింది. అధ్యక్షుడు తేలాడు, ఫోటో కింద నిలబడ్డాడు. కార్యదర్శి "కోశాధికారిని" అనేసరికి కోశాధికారి పైకెళ్ళాడు, "వద్దు" అనేసరికి దిగాడు. డిజైనుబాబు సగమూ, తన సగమూ కలిపి ఆవిడే ఊదిపారేసింది. కార్యదర్శి లేచేసరికి ఆ గాలికి ఆయన జుట్టు కూడా ఆరిపోయింది.

ఆయన వెళ్ళిపోయాడు. డిజైనుబాబు నల్ల కీబోర్డునీ, దాని తీగ వెళ్ళినచోటునీ, పిన్నినీ మార్చి మార్చి చూశాడు. అతని మొహంలో నవ్వు పొద్దుటెండలా మెల్లగా పరుచుకుంది.

"నాన్నా! ఎవరిదో వేలు పడింది తెల్లపెట్టె మీద!"

"ఒకటి కాదురా, పదీ పడ్డాయి" అంది పిన్ని తలెత్తుకుని. "కొనండి బావగారూ. అదే కొనండి. బావుంది. కానీ పిడి మాత్రం నాది."

"పిడేమిటమ్మా?" అన్నారు బావగారు అయోమయంగా. వెనకగదిలోంచి కటింగు మాస్టరు నవ్వు వినిపించింది. ఆయన నవ్వగా ఆ ప్రెస్సులో ఎవరూ అంతకుముందు వినలేదు.

తెల్లపెట్టెలు కొన్నారు. మడతబల్ల ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కిటికీ బల్ల మీది దానికి రెండు కీబోర్డులు తగిలించారు. నల్లదాన్ని పిన్ని తప్ప ఎవరు ముట్టుకున్నా అది తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది కాబట్టి, పిన్ని కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు. ఇదంతా తను ముందే వేసిన ఎత్తు అని పిన్ని చెబుతుంది. ఆ తెల్లపెట్టె తనకే నచ్చి తనే పట్టుబట్టి తెప్పించానని, బావగారూ అబ్బాయీ వద్దని బతిమాలారని కూడా కొత్తగా వచ్చిన పార్టీలకి చెబుతోంది.

పేరు సంగతా? మాటంటే మాటే కదా. అందరూ కూర్చుని చాలా పేర్లు ఆలోచించారు. మిషనువాడు చెప్పింది మరీ ఘోరంగా ఉందని కొట్టేశారు. చివరికి డిజైనుబాబు పెట్టిన పేరే ఖాయమైంది. ఇప్పుడు ఆ వీధిలో వెళ్ళి "తుఫాను పిన్ని ఎక్కడ?" అని అడిగితే ఎవరూ చెప్పరు. "వర్గమూలం పిన్ని" అని అడగాలి. కిటికీలోంచి ఆవిడే తొంగిచూసి, "ఏం కావాలి బాబూ? చెప్పు, నువ్వు చెప్పేలోపే అయిపోతుంది" అంటుంది.