ఎడమ భుజం మీద బావ తుపాకి

మా అక్క మొగుడు, నా బావ, పోయిన నెల ఎమ్మిగనూరులో చనిపోయాడు. నేను ఆదోని మార్కెట్ యార్డు బయట టీ తాగుతుంటే అక్క ఫోన్ చేసింది. "మీ బావ లేయల్యా రా. టీ పెట్టి పిలిస్తే పలకల్యా" అంది. అంతే, ఇంకో మాట లేదు. గ్లాసు అక్కడే పెట్టి బస్సెక్కాను.

చావింటికి వచ్చిన చుట్టాల్లో ఒకాయన అరుగు మీద కూర్చుని, "బతుకంతా తుపాకులు గీసినాడంట గదప్పా, ఒకటన్నా పేలిందా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు సన్నగా నవ్వారు. శవం ముందర కొట్లాట వద్దని ఊరుకున్నాను. నేను ఊరుకునే రకం కాదని మా వాళ్లందరికీ తెలుసు. అందుకే నాకొచ్చిన నాలుగు అక్షరాలతో ఇది రాస్తున్నాను. పేలింది. పేల్చినవాణ్ణి నేనే.

మాది ఆదోనిలో నేత కుటుంబం. బావ వాళ్లది ఎమ్మిగనూరు, వాళ్లూ నేతవాళ్లే. నేను అత్తెసరు చదువుతో పటాలంలో చేరాను. ఆయన బాగా చదివి, ఉత్తరాదిలో తుపాకులు డిజైన్ చేసే సర్కారు ఆఫీసులో చేరాడు. పెళ్లయిన కొత్తలో నన్ను చూసి, "నేను గీసేటోన్ని, నువ్వు కాల్చేటోనివి. నడుమ మీ అక్క ఉండాది కాబట్టి బతికిపోయినావు బామ్మర్దీ" అన్నాడు. ఆయన చేసిన మొదటి ఎకసెక్కం అది. తర్వాత చేసినవి రాస్తే ఈ పుస్తకం చాలదు.

ఎక్కడికి పోయినా గుమ్మాన్ని జానతో కొలిచేవాడు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడి, బిందెలతో, మూటలతో ఎక్కేవాళ్లు ఎలా తిరుగుతారో చూసేవాడు. అక్క సిగ్గుతో చచ్చిపోయేది. "ఆడోళ్లను చూస్తాండాడని ఒకనాడు తంతారు నిన్ను" అనేది. "నేను చూసేది బిందెను లేయ్" అనేవాడు.

ఆ పిచ్చి వెనక పని ఉంది. ఆయన ఒక పొట్టి రైఫిల్ తయారు చేస్తున్నాడు. మామూలు రైఫిల్లో తూటాలు పెట్టే చోటు ట్రిగ్గర్‌కు ముందు ఉంటుంది. బావ దాన్ని ట్రిగ్గర్ వెనక్కి, భుజానికి ఆనే భాగంలోకి జరిపాడు. గొట్టం పొడుగు తగ్గదు, దెబ్బ తగ్గదు, తుపాకి మాత్రం జానెడు తగ్గుతుంది. "పొడుగు గొట్టానికి కావల్ల గానీ మోసేటోనికి ఏంటికప్పా?" అనేవాడు. పొడుగు తుపాకితో లారీ నుంచి దూకుతుంటే అది తలుపుకు తగులుకొని మూతి పగలగొట్టుకున్నవాణ్ణి నేను. ఆ మాట నాకు వెంటనే ఎక్కింది.

ఆఫీసు కాగితం ఒక్కటి కూడా ఆయన ఇంటికి తెచ్చేవాడు కాదు. అయితే ఒక ఎండాకాలం ఇద్దరికీ సెలవులు కలిసినప్పుడు, విరిగిన మగ్గం పలక ఒకటి తన తుపాకి పొడుగుకు కోయించి, ఎమ్మిగనూరు బస్టాండులో నా చేతికిచ్చాడు. షేర్ ఆటోలో నడిమి సీటులో కూర్చోవాలి, ఎవరికీ తగలకుండా దిగాలి. మళ్లీ ఎక్కాలి.

"ఏమప్పా, ఎక్కుతావా దిగుతావా? నా డీజిల్ ఏమన్నా నీ మామ పోస్తాడా?" అన్నాడు ఆటో అతను.

"బాడుగ ఇస్తాంలే అన్నా, ఇంగొక తూరి" అన్నాడు బావ.

పూలమ్మే ఆమె ఒకతె, "పటాలం నుంచి వచ్చినోనికి మతి పోయిన్నెట్లుంది పాపం" అని పక్కనామెతో అంటోంది. నాకు ఒళ్లు మండింది. బావకు మాత్రం మొహమంతా సంబరం. పలక ఎక్కడా తగలడం లేదు.

"ఇప్పుడు దిగి భుజానికెత్తు" అన్నాడు. ఎత్తాను. ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది.

"అదేంది, ఆ పక్క పెట్నావు?"

"నాది ఎడమ చెయ్యి గదా బావా. అన్నం కుడిచేత్తో తింటానంటే అది మా నాయన దెబ్బలకు. తుపాకి ఈ భుజానికే ఒదుగుతాది."

దగ్గరికొచ్చి, పలక నా ఎడమ చెంపకు ఆనిన చోట వేలు పెట్టాడు. వేలు పెట్టగానే నాకూ అర్థమైంది. పేలిన తూటా ఖాళీ తొడుగును సిపాయిలు ఖోకా అంటారు. కాలుతూ, రాయి విసిరినట్టు తుపాకి కుడిపక్క నుంచి బయటికి ఎగురుతుంది. మామూలు తుపాకిలో అది మొహానికి ముందే బయటపడుతుంది. బావ తుపాకిలో అది బయటికొచ్చే కంత చెంప పక్కకే వచ్చింది. కుడి భుజం వాడికి ఫరవాలేదు, ఖోకా అవతలికి పోతుంది. ఎడమ భుజం వాడికి నేరుగా మొహంలోకే.

"నీ తుపాకి నా పండ్లు రాలగొడ్తాది బావా" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. ఆటో అతనికి డబ్బులిచ్చి, పలకను చంకలో పెట్టుకొని ఇంటికి నడిచాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "మగ్గం మీద నాడె కుడిచేతి నుంచి ఎడమచేతికి పోతాది, ఎడమచేతి నుంచి కుడిచేతికి వస్తాది. నేతగాని కడుపున పుట్టి ఒక చేతికే తుపాకి గీస్తిని గదరా" అన్నాడు.

సెలవు అయిపోకముందే ఆఫీసుకు వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. అక్కడి పెద్దాయన, "ఎడమచేతి వాళ్లు ఎంతమంది ఉంటారయ్యా? అందరూ కుడి భుజం మీదే కాల్చాలని ఆర్డర్ ఇస్తే సరిపోతుంది" అన్నాడట.

"ఆర్డర్ ఇస్తే చెయ్యి మారుతాదా రా?" అని నన్నడిగాడు.

"చెయ్యి మారుతాది బావా, గురి రాదు" అన్నాను.

ఆ మాట పట్టుకున్నాడు. ఖోకాను ముందుకు తిప్పి పంపేట్టు కంత పక్కన చిన్న రేకు అమర్చాడు. పరీక్షకు ఎడమచేతి వాళ్లను కూడా పంపమని పటాలాలకు రాయించాడు. మా యూనిట్‌లో అడిగినప్పుడు నా పేరు నేనే ఇచ్చాను. బావ తుపాకిని ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ఎందుకు కాల్చాలి?

తుపాకులు కాల్చి చూసే రేంజిలో నన్ను చూసి బావ తెల్లబోయాడు. మా చుట్టరికం అప్పటికప్పుడే పెద్దాయనకు చెప్పేశాడు. ఆయన నవ్వి, బావతో "మంచిదే, తప్పు చేస్తే ఇంట్లో తన్నులు తింటావు" అన్నాడు. కుర్చీల్లో అధికారులు వరసగా కూర్చున్నారు. ఆ రోజు పాసైతే తుపాకి పటాలాలకు పోతుంది. తప్పితే ఫైలు మూస్తారు, ఇంకో పరీక్ష లేదు. ఈ మాట అందరికీ ముందే చెప్పారు. బావ జేబులో చేతులు పెట్టుకొని నిలబడ్డాడు.

కుడి భుజం వాళ్లు కాల్చారు. ఏ పేచీ లేదు. కుర్చీల్లో తలలు ఊగాయి. తర్వాత నన్ను పిలిచారు.

పడుకొని కాల్చాను. ఖోకాలు రేకుకు తగిలి టంగుమంటూ ముందుకు పోతున్నాయి. ఒక్కొక్క చప్పుడుకూ నా చెంప తనంతట తానే బిగుసుకుంటోంది. నిలబడి కాల్చాను, బాగానే ఉంది. తుపాకి వేడెక్కింది, చేతికి సెగ తెలుస్తోంది. "ఆపకుండా కాల్చు" అని ఆర్డర్ వచ్చింది. కాల్చాను. ఉన్నట్టుండి ఒక ఖోకా వెనక్కి తిరిగింది, కంటి కింద నిప్పుకణిక అదిమినట్టయింది. కన్ను మూతపడింది. అయినా వేలు తీయలేదు. మిగిలినవి గుడ్డిగా కాల్చి, తుపాకి దించి, చెమట తుడుచుకున్నట్టు మోచేతితో మొహం తుడుచుకున్నాను. చొక్కా చేతికి నెత్తురు అంటింది. ఆ చేతిని వెనక్కి పెట్టుకున్నాను.

"ఎడమ భుజం, ఏమైనా ఇబ్బంది?" అని ఒక అధికారి దూరం నుంచి అడిగాడు.

"ఏమీ లేదు సాబ్, బ్రహ్మాండంగా ఉంది" అన్నాను. అబద్ధమే. ఇప్పుడడిగినా అదే చెబుతాను. మా అక్క మొగుడు తిండీ నిద్రా మాని చేసిన తుపాకి అది. నా చెంప ఎంత, దాని ముందు?

రాసుకునేవాళ్లు రాసుకుంటున్నారు. పెద్దాయన లేచి బావకు చెయ్యి ఇవ్వబోయాడు. బావ ఆ చెయ్యి అందుకోలేదు. నా దగ్గరికి గబగబా వచ్చి గడ్డం పట్టుకున్నాడు. విడిపించుకోబోయాను.

"వదులు బావా, ఏమీ లేదు. గమ్మునుండు. నీకు పున్నెముంటాది" అన్నాను మన మాటల్లో, వాళ్లకు అర్థం కాకుండా.

"నువ్వు గమ్మునుండు" అన్నాడు. గడ్డం పట్టుకొని నా మొహాన్ని కుర్చీల వైపు తిప్పాడు. అందరూ చూశారు. కంటికి ఒక వేలు కింద తోలు ఊడి, కాలిన మచ్చ. "ఇది సిద్ధం కాలేదు సార్. ఎడమచేతి వాడికి కన్ను పోతుంది" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

మందు వేయించుకొని బయటికి రాగానే నేనే తగులుకున్నాను. "పిచ్చి పట్టిందా నీకు? నేను బాగుందంటి గదా! పాసైపోయింటే తర్వాత బాగు చేసుకోకూడదా?"

"పాసైనదాన్ని ఎవడు బాగు చేస్తాడు రా?"

"ఎడమచేతోళ్లు ఎంతమంది, ఒగడో ఇద్దరో!"

"ఆ ఒగడు నువ్వే గదరా గాడిదా" అన్నాడు. "నీ కన్ను పోయింటే మీ అక్కకు ఏం సెప్పల్ల? తుపాకి పాసైందని సెప్పల్లనా?"

ఈ అక్షరాలు రెండు కళ్లతో చూసి రాస్తున్నాను. అక్కకు సంగతి తెలిసి ఇద్దర్నీ తిట్టింది. నన్ను అబద్ధమాడినందుకు, ఆయన్ను అట్లాంటిది చేసినందుకు.

చెప్పినట్టే ఫైలు మూసేశారు. పటాలాలకు వేరే తుపాకి వచ్చింది. ఆఫీసులో బావ చాలా మాటలు పడ్డాడని తర్వాత ఎవరో చెప్పారు, ఆయన చెప్పలేదు. మిగిలిపోయిన తూటాలతో ఒక్కసారి కాల్చి చూసుకుంటానని పెద్దాయన వెంట తిరిగి తిరిగి అనుమతి తెచ్చుకున్నాడు. ఆ సంగతి చెప్పి, "కాల్చేకి కాదు, చూసేకి రా" అన్నాడు. సెలవు నుంచి పటాలానికి తిరిగి పోతూ అక్కడ దిగాను.

కుర్చీలు లేవు, అధికారులు లేరు. తుపాకిని ఇనుప స్టాండుకు బిగించారు. ఎడమచేతి వాడి తల ఉండాల్సిన చోట, తుపాకికి చెంప ఆనించినట్టుగా, సున్నం పూసిన కొత్త మట్టికుండను కట్టాడు బావ.

"నా మొకం కంటే బాగుండాది బావా" అన్నాను.

"నీ మొకం కంటే అగ్గువ. అందుకే కట్టినా" అన్నాడు.

పక్కనున్నతను ట్రిగ్గర్‌కు కట్టిన తాడు లాగి కాల్చడం మొదలుపెట్టాడు. రేకు తీసేసి బావ లోపల ఏదో దారి చేశాడు, ఖోకాలు కుండను దాటి చాలా ముందుకు పోయి పడుతున్నాయి. తుపాకి వేడెక్కేదాకా కాల్చారు. అసలు భయం ఆ వేడికే. వేడెక్కాక ఇంకా కాల్చమన్నాడు. పళ్లు బిగించి చూస్తున్నాను. ఒక్కటి వెనక్కి వచ్చినా కుండ పెంకులవుతుంది. తూటాలు అయిపోయాయి. చప్పుడు ఆగింది, గొట్టం నుంచి సన్నగా పొగ.

బావ కట్టు విప్పి కుండను ఒళ్లోకి తీసుకున్నాడు. కింద కూర్చుని, దాన్ని వెలుతురుకు తిప్పి, ఎడమ చెంప ఉండే చోట అరచేత్తో తడిమాడు. గీత లేదు. చేతికి సున్నం అంటింది.

"ఇంగ చాల్లే బావా, ఏమీ లేదు" అన్నాను.

"ఉండు" అన్నాడు. కుండను ఇంకొంచెం దగ్గరికి తీసుకొని, మళ్లీ మొదటి నుంచి తడమసాగాడు.