భావనపాడులో పచ్చ పడవ మలుపు

ఈ ఉదయం భావనపాడు వెళ్లాను. అక్కడి మత్స్యకారులు తమ వీధుల కథలు చెబితే కాలేజీ పిల్లలు రికార్డు చేశారు. వాటిని ఫోన్లో వింటూ ఊరంతా నడవవచ్చు. చివరి కథ సముద్రం మింగేసిన పాత వీధిది. దారి చెప్పే గొంతు ఎర్రమ్మ అనే ఆమెది.

"పచ్చ పడవ కాడ ఎడం పక్కకి తిరుగు బాబూ" అంది ఫోను.

ఒడ్డున ఒక్క పడవా లేదు. అన్నీ వేటకు వెళ్లాయి. ఎండుచేపల గంపతో వస్తున్న ఒకామెను ఆపి, ఆ మాట వినిపించాను. ఆమె గంప దించేసింది. ఆమే ఎర్రమ్మ.

"ఓలమ్మో! వేట నిషేధంలో సెప్పినాను బాబూ. అప్పుడు పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. అందుకేటి ఒక్కరూ రానేదు? మా ఈది కత ఎవులికీ అక్కర్నేదేమో అనుకున్నాను."

నన్ను వెంటబెట్టుకెళ్లి అలలవైపు చెయ్యి చూపింది. "ఆ నురగ కాడే మా పొయ్యి." ఫోను కూడా అదే చెప్పబోతే కసిరింది. "నువ్వూరుకోయే, నాను సెప్తన్నాను కదా!"

రికార్డు చేసిన కాలేజీ పిల్లలకు ఫోన్ చేసి, పడవ గుర్తు పనికిరావడం లేదని చెప్పాను. పక్కనుంచి ఎర్రమ్మే సవరణ ఇచ్చింది. "పడవ మాట తీసెయ్యండి. ఎర్రమ్మా అని కేకెయ్యమనండి, నానొస్తాను."

ఇన్నేళ్ల పత్రికా ఉద్యోగంలో ఇంత నికరమైన సవరణ నా చేతికి రాలేదు. వెళ్లేవారు కాస్త గట్టిగా పిలవండి, అలల హోరు ఎక్కువ. మీ వీధికి దారి అడిగితే ఎవరిని పిలవమంటారు?