చీటీలు తీయకుండా పోసిన బస్తా

జర దగ్గరికి జరిగి కూర్చోండి, గొంతు పెంచి చెప్పే ఓపిక నాకు లేదు.

నా బిడ్డ కాన్పుకని సుల్తానాబాద్‌లోని మా ఇంటికి వచ్చి, పసిదాన్ని ఒళ్ళో వేసుకునే కంప్యూటర్ పని చేస్తుండేది. ఆఫీసు పైవాళ్ళు ఫోన్లో తెరిచే కొత్త పేజీ ఒకటి ఒప్పజెప్పారు. సాయంత్రానికి అది నడిస్తే ఇంటి నుంచే చేసుకోవచ్చు, లేదంటే హైదరాబాద్ ఆఫీసుకు వచ్చి కూర్చోవాలన్నారు. పోతే పసిదాన్ని నా దగ్గర విడిచి పోవాలి. ఇంకా పాలు తాగే పిల్ల.

ఆ రోజు నా బిడ్డ అన్నం ముట్టలేదు.

"నా కంప్యూటర్ల అంత మంచిగనే ఉన్నదవ్వా. ఫోన్ల తెరిస్తే ఉత్త తెల్లగ వస్తుంది."

"గంతసేపు ఏం రాస్తవే?"

"ఒక్కో డబ్బాకు ఒక్కో పేరు పెట్టి, పక్కన గిండ్ల అంకె ఉంటది, గిండ్ల అక్షరాలుంటయ్ అని రాస్త. ఒకదాంట్ల ఇంకోటి పెడితే కంప్యూటర్ నాకు ముందే జెప్తది. గా రాతలు ఫోన్‌కు సమజ్ గావు. అందుకే పంపే ముందట ఇంకో ప్రోగ్రాంతోని గవన్ని తుడిపిస్త."

"రాసుడెందుకు, తుడుసుడెందుకు? పని లేకనా?"

"మిల్లుల నువ్వు జేసిందేంది మరి?"

నిజమే. రైస్ మిల్లులో నా పని అదే. వడ్ల బస్తాలకు రకం రాసిన చీటీలు సుతిలి తాడుతో కట్టి ఉండేవి. సన్నవి, దొడ్డువి కలవకుండా ఆ చీటీ చూసే పేర్చేవాళ్ళం. మరలో పోసే ముందు మాత్రం అన్నీ తెంపెయ్యాలి. ఒక్క సుతిలి వడ్లతో పోయిందా, చుట్టుకుని మర ఆగేది. తెంపీ తెంపీ వేళ్ళు పగిలేవి. పొద్దుగూకితే, నేను పని చేసిన జాడ కాళ్ళ కింద చెత్తే.

పసిదాన్ని నేనెత్తుకున్నాను. దీపాల వేళకు గాని నా బిడ్డకు తప్పు దొరకలేదు. తుడిచే ప్రోగ్రాంకు పాత ఫోల్డరే చూపించిందట. కొత్త పేజీని వేరే ఫోల్డర్లో పెట్టింది. దాని రాతలు ఉన్నవి ఉన్నట్టే పోయాయి, మొదటి రాత దగ్గరే ఫోన్ ఆగిపోయింది.

"చీటీలతోనే పోసిన అవ్వా," అంది. నవ్వలేదు.

సరిచేసి నా ఫోన్లోనే తెరిచింది. పేజీ వచ్చింది. పైవాళ్ళతో మాట్లాడి వచ్చి గోడకు ఆనుకుంది.

"ఉండమన్నరా?"

"ఆ. ఇగ ఉండమన్నరు."

చల్లారిన అన్నం పెట్టాను. పిల్లకు పాలిస్తూ, తింటూ తింటూనే నిద్రపోయింది. ఎంగిలి చేయి నేనే కడిగాను.

మీ ఇంట పాలు తాగే పిల్ల తల్లి ఒళ్ళోనే పెరగాలి. ఆ తల్లి వేడన్నం తినాలి.