గురువు గుమ్మం ముందు గొడ్డలి

హాల్లో ఉన్నవాళ్ళం: ముగ్గురు కాంటనీస్ పెద్దలు, మా మావయ్య, నేను. బల్ల మీద టీ కెటిల్, ఐదు కప్పులు, నేను గీసిన వైరింగ్ పటం. బర్మాలో అహ్లోన్ పేటలోని ఆ చీనా సంఘం హాలుకి మావయ్య ముప్పై ఏళ్ళుగా ఎలక్ట్రీషియన్. పాత వైర్లు మార్చాలని ఒప్పించడానికి వెళ్ళాం.

దారిలో మావయ్య నాచేత నాలుగు ముక్కల కాంటనీస్ నానుడి వల్లె వేయించాడు: బాన్ మున్ లుంగ్ ఫూ. వడ్రంగి గురువు గుమ్మం ముందు గొడ్డలి ఆడించడం అని అర్థం.

"పటం ఇప్పే ముందు అనాల్రా. మన పని గురించే అనాల. ఎదుటోడి పనిని అంటే తిట్టినట్టే."

"పోయినేడు నువ్వు అన్నావు కదా, ఏటైంది?"

"నవ్వి టీ పోసినారు."

వైర్లు మాత్రం మార్చలేదు. మర్యాదకి అన్న మాటను వాళ్ళు నిజమనే పట్టుకున్నారు, తామే వైరింగ్ గురువులమన్నట్టు.

అందుకే ఆ మాట అనకుండానే పటం విప్పాను. పెద్దాయన బర్మీస్‌లో అడిగాడు: "ఏమోయ్, మీ మావ మర్యాద నేర్పలేదా?"

"నేర్పాడు, ఊలే," అన్నాను, బాబాయి అని బర్మీస్‌లో పిలుస్తూ. "గురువు ముందు అనాలని నేర్పాడు. మీలో వైరింగ్ గురువు ఎవరో చెప్పండి, ఇప్పుడే అంటాను."

మావయ్య నా మోచెయ్యి గిల్లాడు. నేను పటం మీద రాసుకున్న వైర్ల పరీక్ష ఫలితాలు చదివాను. మొత్తం లైన్లు పద్దెనిమిది. ఇన్సులేషన్ పాడైనవి పదకొండు.